చెయ్యి వేడెక్కింది సరే, నొప్పి తగ్గిందా? సింపథెటిక్ నెర్వ్ బ్లాక్ ఎవరికి, ఎప్పుడు, దేనికి బదులు

పోయినేడాది వానాకాలంలో మెట్ల మీద జారి మా అక్క ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలకు ఎముక అతుక్కుంది. ఎక్స్‌రే చూసి డాక్టరుగారు "బ్రహ్మాండంగా ఉందమ్మా" అన్నారు. అక్క మాత్రం ఆ చెయ్యికి కొంగు కూడా తగలనిచ్చేది కాదు. ఫ్యాను గాలికి మంట. వేళ్లు వాచి నున్నగా మెరిసేవి. పొద్దున వంకాయ రంగులో ఉండే చెయ్యి సాయంత్రానికి పాలిపోయేది. కుడిచేతి గోళ్లు తీయించుకునేది గానీ, ఎడమచేతి గోళ్ల దగ్గరికి ఎవర్నీ రానిచ్చేది కాదు. "ఏట్రా ఇది, ఇరిగినప్పుడు కూడా ఇంత నొప్పి లేదు" అనేది.

విశాఖ డాబాగార్డెన్స్‌లో నాది మందుల షాపు. నరాల నొప్పికిచ్చే ప్రీగాబలిన్ చీటీలు రోజుకు ఎన్ని చూస్తానో నాకే తెలీదు. అయినా మా అక్క జబ్బుకి కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్, పొట్టిగా సీఆర్పీఎస్ అనే పేరుందని తెలియడానికి మూడు నెలలు పట్టింది. పేరు తెలిసిన రోజే "బ్లాక్ చేయించండి" అన్నారొకరు, "దాని జోలికి పోవద్దు" అన్నారింకొకరు. బ్లాక్ అంటే నరాల దగ్గర ఇచ్చే మత్తుమందు సూది. అక్కకి మొత్తం మూడు బ్లాకులయ్యాయి. ఇలాంటి చీటీ పట్టుకుని షాపుకొచ్చి "చేయించమంటారా?" అని అడిగేవాళ్లకి నేను చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. నిర్ణయం మీరూ మీ డాక్టరూ కూర్చుని చేసుకోవాలి.

ముందు ఒక గందరగోళం తీరాలి. మనవాళ్లు "నరానికి ఇంజెక్షన్" అని ఒకే మాటతో మూడు వేర్వేరు వాటిని అడుగుతారు. డిస్కు జారి నడుం నుంచి కాల్లోకి లాగే నొప్పికి వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ ఒకటి. అరిగిన మోకాలి చుట్టూ ఉండే నరాలకు ఇచ్చేది ఇంకొకటి. సింపథెటిక్ బ్లాక్ ఈ రెండూ కాదు. వెన్నెముకకి ముందువైపున, రెండు పక్కలా గొలుసులా దిగే సింపథెటిక్ నరాలు రక్తనాళాలను బిగిస్తాయి, వదులుతాయి, చెమట పట్టిస్తాయి. పరీక్ష హాల్లో టెన్షన్‌కి అరచేతులు చల్లబడి తడిసిపోవడం వీటి పనే. కొందరిలో దెబ్బ మానాక కూడా ఈ నరాలు నొప్పిని రాజేస్తూ ఉంటాయి. 1860ల అమెరికా అంతర్యుద్ధంలో తూటా గాయాలు మానినా మంట తగ్గని సైనికులను వైర్ మిచెల్ అనే డాక్టరు చూశాడు. ఆ మంటకు కాసాల్జియా అన్న పేరు అప్పటిదే. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో లెరీష్ అనే ఫ్రెంచి సర్జన్ ఆ నరాలను ఆపరేషన్‌తో తీసేసి చూశాడు. ఇప్పుడు కత్తికి బదులు ఆ నరాలను కాసేపు మొద్దుబార్చే సూది వచ్చింది. అదే సింపథెటిక్ బ్లాక్.

కాబట్టి మీది నడుము నొప్పో, మోకాలి అరుగుదలో, షుగరు వల్ల రెండు పాదాల మంటో అయితే ఈ బ్లాక్ సాధారణంగా మీ కోసం కాదు. ఎవరైనా అమ్మజూపితే ఎందుకని అడగండి.

ఏ నొప్పికి ఏ బ్లాక్

చెయ్యి, ముఖం నొప్పులకు మెడ కింది భాగంలో ఉండే స్టెల్లేట్ గాంగ్లియన్ అనే నరాల ముడి దగ్గర ఇస్తారు. కాలికైతే నడుం దగ్గర లంబార్ సింపథెటిక్. పై పొట్ట నొప్పికి, ముఖ్యంగా క్లోమగ్రంథి క్యాన్సర్‌కి, సీలియాక్ ప్లెక్సస్. గర్భసంచీ, మూత్రసంచీ ప్రాంతాల క్యాన్సర్ నొప్పులకు ఇంకాస్త కింద సుపీరియర్ హైపోగ్యాస్ట్రిక్. ముడ్డిపూస దగ్గరి మొండి నొప్పికి గాంగ్లియన్ ఇంపార్. ముఖం మీదో చేతి మీదో సర్పి లేచిన తొలి రోజుల్లో కూడా కొందరు డాక్టర్లు స్టెల్లేట్ బ్లాక్ ఇస్తారు. సర్పి మచ్చలు మాని నెలలు గడిచాక మిగిలే నొప్పికి మాత్రం దాని మీద పెద్ద ఆశ పెట్టుకోకూడదు.

పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. డాక్టరు చెప్పిన బ్లాకు మీ నొప్పి ఉన్న చోటుకి సంబంధించిందేనా అన్నది చూసుకుంటే చాలు.

సీఆర్పీఎస్ అయితే: బ్లాకా, కసరత్తా, మాత్రలా?

ఇది అసలు సీఆర్పీఎసేనా అని తేల్చే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ ఏదీ లేదు. 2003లో బుడాపెస్ట్‌లో డాక్టర్లు కూర్చుని రాసుకున్న లక్షణాల పట్టికతో, చెయ్యి పట్టుకుని చూసి తేలుస్తారు. దెబ్బకు మించిన నొప్పి, ముట్టుకుంటే మంట, రెండు చేతుల మధ్య రంగులోనూ వేడిలోనూ తేడా, వాపు లేదా చెమట, కదలిక తగ్గడం, గోళ్లూ వెంట్రుకలూ మారడం, ఇవీ ఆ గుర్తులు. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూడకుండానే బ్లాకు రాసే డాక్టరు దగ్గర నేనైతే ఆగి ఆలోచిస్తాను.

ఇక ఎంపిక. నా లెక్కలో ఫిజియోథెరపీకి పోటీయే లేదు. సీఆర్పీఎస్‌లో చెయ్యిని చెయ్యిలా తిరిగి తెచ్చేది అదే. మాత్రలూ బ్లాకులూ దానికి దారి ఇచ్చేవి. చిక్కేమిటంటే ముట్టుకోనివ్వని చెయ్యికి కసరత్తు చేయించడం ఎలా? అందుకే మొదట చేసేది కదపడం కాదు, అలవాటు చేయడం. ఫిజియో అమ్మాయి అక్క చేత దూదితో మొదలుపెట్టించింది. వారం తర్వాత పట్టుగుడ్డ, తర్వాత తువ్వాలు, ఆ తర్వాత గిన్నెలో బియ్యం పోసి అందులో వేళ్లు పెట్టించడం. బియ్యంలో మొదటిసారి చెయ్యి పెట్టినప్పుడు అక్క కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తియ్యలేదు. పది లెక్కపెట్టి తీసింది.

ఇంకొకటి అద్దం. పూర్ణా మార్కెట్లో మామూలు అద్దం ఒకటి కొన్నాం. దాన్ని రెండు చేతుల మధ్య నిలబెట్టి, నొప్పి చెయ్యిని వెనక దాచి, మంచి చెయ్యిని ఆడిస్తూ అద్దంలోకి చూడాలి. మెదడుకి రెండు చేతులూ హాయిగా ఆడుతున్నట్టు కనిపిస్తుంది. తెగిపోయిన చెయ్యి నొప్పెడుతోందనే వాళ్ల కోసం 1990లలో డాక్టర్ వి.ఎస్. రామచంద్రన్ కనిపెట్టిన ఉపాయం ఇది. బావ మొదట్లో నవ్వాడు. తర్వాత రోజూ సాయంత్రం అద్దం పట్టుకుని కూర్చునేది ఆయనే.

మాత్రల్లో గాబాపెంటిన్, ప్రీగాబలిన్, అమిట్రిప్టిలిన్, డ్యులాక్సెటిన్ లాంటివి రాస్తారు. నిద్ర పడుతుంది, మంట కొంత తగ్గుతుంది. తల తిరగడం, మత్తు, పాదాల వాపు, బరువు పెరగడం కూడా మామూలే. నా షాపులో జనం చేసే పెద్ద తప్పు, రెండురోజులు బాగుందని మాత్రలు ఒక్కసారిగా ఆపేయడం. వీటిని డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. జబ్బు మొదటి వారాల్లో, వాపూ వేడీ ఎక్కువగా ఉన్నప్పుడు, కొద్దిరోజులు స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు. షుగరున్నవాళ్లు ముందే చెప్పాలి.

మరి బ్లాక్? ఉన్నదున్నట్టు చెప్పాలంటే, 2016లో వైద్య అధ్యయనాలను తూచి చూసే కాక్రేన్ అనే సంస్థ వాళ్లు దొరికిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, సీఆర్పీఎస్‌లో మత్తుమందు బ్లాకులు పనిచేస్తాయనడానికి గట్టి ఆధారం కనిపించలేదు. ఉన్నవన్నీ చిన్న చిన్న అధ్యయనాలు, నాణ్యత అంతంతమాత్రం. పనిచేయదని రుజువైనట్టూ కాదు, చేస్తుందని రుజువైనట్టూ కాదు. బ్లాకులో వేసే లిగ్నోకైన్, బుపివకైన్ లాంటి మత్తుమందు ప్రభావం గంటల్లో దిగిపోతుంది. కొందరికి మాత్రం ఉపశమనం రోజులు, వారాలు నిలుస్తుంది. కొందరికి మందు దిగగానే నొప్పి మామూలే.

2014లో హుద్‌హుద్ ఊరి మీద పడ్డ రోజు మధ్యాహ్నం, తుఫాను కన్ను మన మీదికొచ్చినప్పుడు గాలి ఆగింది గుర్తుందా? అయిపోయిందనుకుని రోడ్డెక్కినవాళ్లున్నారు. ఆ కాసేపట్లోనే కిటికీలకి చెక్కలు కొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. బ్లాక్ ఇచ్చేది అలాంటి తెరిపి. ఆ తెరిపిలో చెయ్యి కదిపించే మనిషి సిద్ధంగా ఉంటేనే చేయించుకోండి. బ్లాక్ పొద్దున అయితే ఫిజియో ఆ సాయంత్రమో మర్నాడు పొద్దున్నో ఉండాలి. వచ్చే వారం అంటే తెరిపి కాస్తా పోతుంది.

మొదటి బ్లాకు నిజానికి ఒక పరీక్ష

ఈ సంగతి మాకు రెండోచోటికి వెళ్లాక గానీ తెలియలేదు. బ్లాక్ సరైన చోట పడితే సింపథెటిక్ నరాల పట్టు సడలి, రక్తనాళాలు విచ్చుకుని, చెయ్యి వేడెక్కుతుంది. అందుకని ముందూ తర్వాతా రెండు చేతుల వేడీ కొలవాలి. నొప్పి పదికి ఎంతో అడిగి రాసుకోవాలి. ఆ రెండు లెక్కలతో మూడు సంగతులు తేలతాయి.

చెయ్యి వేడెక్కి, నొప్పీ దిగితే మీ నొప్పిలో ఈ నరాల వాటా ఉన్నట్టే, ఇంకో రెండు మూడు చేయించడంలో అర్థం ఉంది. వేడెక్కింది గానీ నొప్పి కదల్లేదంటే మందు చేరాల్సిన చోటికే చేరింది, మీ నొప్పి దారి వేరు. అలాంటప్పుడు పదోసారి చేయించినా ఫలితం అదే, డబ్బు ఫిజియోకి పెట్టుకోండి. చెయ్యి వేడెక్కనే లేదంటే బ్లాకు పడలేదన్నమాట. ఇంకొక్కసారి ప్రయత్నించడం న్యాయమే.

ఆసుపత్రి వాతావరణం, సూది మీద నమ్మకం, ఇవి కూడా మొదటిసారి నొప్పిని తగ్గించగలవు. అందుకే ఒక్కసారి తగ్గింది కదా అని వెంటనే పెద్ద నిర్ణయాలకి పోకూడదు.

మేం మొదట వెళ్లిన ప్రైవేటు ఆసుపత్రిలో ఇవేవీ జరగలేదు. అయిదు బ్లాకుల ప్యాకేజీ అన్నారు, అడ్వాన్సు కట్టించుకున్నారు. వేడి కొలిచినవాళ్లు లేరు, ఫిజియో మాటెత్తినవాళ్లు లేరు. ఇంటికొచ్చాక అక్క ఎడమ కనురెప్ప వాలిపోయింది, కన్ను ఎర్రబడింది, గొంతు బొంగురుపోయింది. పక్షవాతమేమో అని బావ కారు తాళాలు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. నేనే మా షాపుకి వచ్చే ఒక మత్తు డాక్టరుకి ఫోన్ చేస్తే ఆయన నవ్వి, "రెప్ప వాలడం మెడలో మందు పడిందనడానికి గుర్తండీ, తెల్లారేసరికి పోతుంది. గొంతు మామూలయ్యేదాకా తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వకండి, తర్వాత నీళ్లు కొద్దికొద్దిగా మొదలుపెట్టండి" అన్నారు. అలాగే పోయింది. ఈ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే ఆ రాత్రి మేం నిద్రపోయేవాళ్లం. మిగతా నాలుగింటికి కట్టిన డబ్బులో సగమే వెనక్కొచ్చింది.

ఇంకో మాట. రెప్ప వాలినంత మాత్రాన చెయ్యికి వెళ్లే నరాల దాకా మందు చేరినట్టు కాదు. చెయ్యి వేడి విడిగా చూడాల్సిందే.

రెండోచోట అల్ట్రాసౌండ్ పెట్టి, తెర మీద రక్తనాళాలు చూస్తూ సూది దించారు. వేడి కొలిచారు. ఎడమచెయ్యి రెండు డిగ్రీలు పెరిగింది, నొప్పి ఎనిమిది నుంచి నాలుగుకి దిగింది. గంటన్నర తర్వాత ఫిజియో గదిలో అక్క పిడికిలి సగం మూసింది. నాలుగు నెలల్లో అదే మొదటిసారి.

దీర్ఘకాలం పనిచేసేవి

మత్తుమందు బ్లాకు బాగా పనిచేసి వెంటవెంటనే దిగిపోతుంటే, రేడియోఫ్రీక్వెన్సీతో ఆ నరాలను కాల్చడం, ఫీనాల్ లేదా ఆల్కహాల్‌తో చంపడం అనే మాట వస్తుంది. క్యాన్సర్ కాని నొప్పికి, అందులోనూ ఇంకా చాలా ఏళ్లు బతకాల్సిన వాళ్లకి, నేను తొందరపడొద్దంటాను. నరాలు మళ్లీ పెరుగుతాయి, నొప్పి తిరిగి రావచ్చు, కొందరిలో తొడ, గజ్జ దగ్గర కొత్త నొప్పి మొదలవుతుంది. వెన్నుపాము దగ్గర కరెంటు తీగ పెట్టే స్పైనల్ కార్డ్ స్టిమ్యులేటర్‌కి లక్షల్లో ఖర్చు. అన్నీ అయ్యాకే దాని మాట, అదీ కొన్నిరోజులు తాత్కాలికంగా పెట్టి పనిచేస్తుందో లేదో చూశాకే.

పొట్ట క్యాన్సర్ నొప్పి లెక్క వేరు

పైన నేను బ్లాకుల మీద ఎంత అనుమానంగా మాట్లాడానో, ఇక్కడ అంత గట్టిగా వాటి వైపు ఉంటాను. క్లోమగ్రంథి క్యాన్సర్‌లో పై పొట్ట నుంచి వీపులోకి పొడిచే నొప్పికి, సీలియాక్ ప్లెక్సస్ దగ్గర ఆల్కహాల్ ఎక్కించే బ్లాకుకి మంచి ఆధారాలున్నాయి. నొప్పి తగ్గుతుంది, మార్ఫిన్ మోతాదు తగ్గుతుంది, దాంతో మలబద్ధకం, మగత కూడా తగ్గుతాయి. చాలామందికి కొన్ని నెలలు పనిచేస్తుంది. ఆ జబ్బులో కొన్ని నెలలంటే తక్కువేమీ కాదు. వీపు వైపు నుంచి సీ-ఆర్మ్ (అప్పటికప్పుడు ఎక్స్‌రే చూపించే యంత్రం) లేదా సీటీ చూస్తూ చేస్తారు, ఎండోస్కోపీ గొట్టంతో కడుపు లోపలి నుంచీ చేస్తారు. తర్వాత ఒకటి రెండు రోజులు లేచి నిలబడితే బీపీ పడిపోవడం, కొన్నాళ్లు విరేచనాలు మామూలే. అరుదుగా కాళ్ల బలం పోయే ప్రమాదం ఉంది, దాన్ని సంతకానికి ముందే వివరించాలి.

మనవాళ్లు చేసేది దీన్ని చిట్టచివరికి వాయిదా వేయడం. కణితి ఆ చోటంతా అల్లుకుపోయాక మందు పాకదు, బ్లాకు సరిగా పట్టదు. నొప్పి మాత్రలకు లొంగడం లేదనిపించిన మొదటి రోజుల్లోనే అడగాలి. మార్ఫిన్ అంటే భయపడి రోగిని ఏడిపించడం కూడా ఆపాలి. డాక్టరు కొలిచి ఇచ్చే మార్ఫిన్ మందే. 2014లో మత్తుపదార్థాల చట్టం మార్చింది కూడా నొప్పితో ఉన్న రోగులకి అది అందాలనే. బ్లాకా, మార్ఫినా అని పోటీ పెట్టక్కర్లేదు, రెండూ కలిపే నడుస్తాయి.

క్లోమగ్రంథి వాపుతో ఏళ్ల తరబడి బాధపడేవాళ్లకి మాత్రం అదే బ్లాకు అంత నమ్మకంగా పనిచేయదు, చేసినా తక్కువ కాలమే.

చుట్ట, బీడీ, కాలి వేళ్లు

మన ఉత్తరాంధ్రలో ఇది రాయకపోతే తప్పు. పొగతాగేవాళ్లలో కాలి వేళ్ల రక్తనాళాలు మూసుకుపోయి, రాత్రంతా కాలు కింద వేలాడేసుకుని కూర్చునే బర్జర్స్ జబ్బు ఉంది. లంబార్ సింపథెటిక్ బ్లాక్‌తో కొంతకాలం పాదం వేడెక్కుతుంది, నొప్పి తగ్గుతుంది, పుండు మానడానికి కొంత వీలవుతుంది. కానీ బీడీ కాలుస్తూ చేయించుకున్న బ్లాకుకి పెట్టిన డబ్బు బూడిదే. ఈ జబ్బుని ఆపేది పొగాకు మానడం ఒక్కటే. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే మన బెస్త ఊళ్ల పెద్దమ్మలకి అంగిలి క్యాన్సర్ భయం చెబుతాం గానీ, కాళ్ల సంగతి ఎవరూ చెప్పరు.

విశాఖలో ఎక్కడ మొదలుపెట్టాలి

శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి నేరుగా కార్పొరేట్ ఆసుపత్రికి ఆటో ఎక్కేవాళ్లకి నా సలహా, ముందు రోగం పేరు తేల్చుకోండి. 1923 నుంచి ఉన్న ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రి, అదే కేజీహెచ్‌లో ఎముకలు, మత్తు, ఫిజియోథెరపీ విభాగాలన్నీ ఒకే ఆవరణలో ఉన్నాయి. హనుమంతవాక దగ్గర విమ్స్ అనే ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. క్యాన్సర్ నొప్పి అయితే అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి. ఓపీలో నొప్పి వైద్యం ఎవరు చూస్తారని అడగండి. సాధారణంగా మత్తు డాక్టర్లే చూస్తారు. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డుంటే, ఈ బ్లాకు దాని కిందికి వస్తుందా అని ఆసుపత్రిలో ఆ పథకం కౌంటర్‌లో అడిగి, జవాబు వచ్చాకే డబ్బు సంగతి చూసుకోండి.

ప్రైవేటులో అయితే థియేటర్, డాక్టరు, సీ-ఆర్మ్, మందు, పడక అన్నీ కలిపి ఒక్క బ్లాకుకి ఎంతో రాయించుకోండి. ప్యాకేజీ వద్దు. సూది ఏది చూస్తూ వేస్తారని అడగండి. మెడ బ్లాకుకి అల్ట్రాసౌండ్ గానీ సీ-ఆర్మ్ గానీ ఉండాలి, వేలితో తడిమి వేసే రోజులు పోయాయి. మెడలో మెదడుకి వెళ్లే రక్తనాళం పక్కనే ఉంటుంది. మందు పొరపాటున అందులోకి పోతే ఫిట్స్ రావచ్చు. ఊపిరితిత్తికి సూది తగిలే అవకాశం తక్కువే అయినా ఉంది. అందుకే గుండె మానిటరూ ఆక్సిజనూ ఉన్న గదిలోనే, చేతికి సెలైన్ సూది పెట్టాకే చేయాలి. రెండువైపులా ఒకే రోజు చేస్తామంటే ఒప్పుకోకండి.

క్లోపిడోగ్రెల్, వార్ఫారిన్ లాంటి రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. స్టెంటున్నవాళ్లు గుండె డాక్టర్ని అడగకుండా వాటిని సొంతంగా ఆపకూడదు. జ్వరం, సూది వేసే చోట పుండు ఉంటే వాయిదా వేయించుకోండి. ఆ రోజు బండి నడపొద్దు, తోడు మనిషి ఉండాలి. ఇంటికొచ్చాక ఊపిరాడకపోయినా, ఛాతీలో నొప్పొచ్చినా, చెయ్యి బలం కొన్ని గంటలైనా తిరిగి రాకపోయినా తెల్లారేదాకా ఆగకండి.

అక్క మూడో బ్లాకు తర్వాత "ఇంక సూదులొద్దురా, బియ్యం గిన్నె చాలు" అంది. డాక్టరుగారూ సరేనన్నారు. ఇప్పుడు గోళ్లు తనే తీసుకుంటోంది. చపాతీ పిండి మాత్రం ఇంకా బావే కలుపుతున్నాడు, నీళ్లెక్కువ పోసి.